శరత్తులో ప్రాణాయామం: ఏ గాలిలో, ఏ వేళలో, ఎంతవరకు

యోగాభ్యాసం ఏ ఋతువులో మొదలుపెట్టాలి? హఠయోగ గ్రంథాల్లో ఒకటైన ఘేరండ సంహిత దీనికి సూటిగా జవాబు చెబుతుంది. హేమంత, శిశిర, గ్రీష్మ, వర్ష ఋతువుల్లో మొదలుపెట్టకూడదు, పెడితే రోగాలు వస్తాయి. వసంతంలో గానీ శరత్తులో గానీ మొదలుపెట్టాలి. ప్రాణాయామం గురించి వివరించే ఐదో అధ్యాయంలోనే ఈ నియమం ఉంది. శరత్తు అంటే మనకు ఆశ్వయుజ, కార్తీక మాసాలు. దసరా నవరాత్రులు మొదలైన రోజు నుంచి పోలిస్వర్గం దాకా.

ఇవే రెండు ఋతువులను పట్టుకుని వైద్యుల మీద ఒక పాత సంస్కృత చమత్కారం ఉంది. వైద్యులకు శరత్తు తల్లి, వసంతం తండ్రి అట. వాళ్లను పోషించేది ఆ రెండు ఋతువులే అని ఎత్తిపొడుపు. శార్ఙ్గధర సంహిత అయితే కార్తీకంలో చివరి ఎనిమిది రోజులకూ మార్గశిరంలో మొదటి ఎనిమిది రోజులకూ కలిపి యమదంష్ట్ర అని పేరు పెట్టింది. యముడి కోరల మధ్య గడిపే ఆ పదహారు రోజుల్లో మితంగా తిన్నవాడే బతికి బట్టకడతాడని హెచ్చరించింది.

యోగులు మంచిదన్న కాలాన్నే వైద్యులు గడ్డుకాలం అన్నారన్నమాట. చిత్రమేమిటంటే రెండు మాటలూ తప్పు కాదు. తెలుగు నేల మీద శరత్తు మొదటి సగం ఒక తీరు, రెండో సగం ఇంకో తీరు. ప్రాణాయామం ఊపిరితిత్తులకు మేలు చేస్తుందా అని అడిగేవాళ్లు సాధారణంగా ఏ ప్రాణాయామం, ఎన్ని నిమిషాలు అన్న దగ్గరే ఆగిపోతారు. ఏ గాలిలో చేస్తున్నాం అన్నది అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న.

ఒకే ఋతువు, రెండు గాలులు

నైరుతి రుతుపవనాలు జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలిని కడిగినంత పని చేస్తాయి. దుమ్ము నేలకు దిగుతుంది, పొగ నిలవదు. అందుకే దసరా రోజుల్లో ఆకాశం అంత నీలంగా ఉంటుంది. అక్టోబరులో రుతుపవనాలు వెనక్కి మళ్లుతాయి. కోస్తా జిల్లాలకు, రాయలసీమలో కొంత భాగానికి ఈశాన్య రుతుపవనాల వల్ల మరికొన్ని వానలు పడతాయి. తెలంగాణలో మాత్రం ఆ తర్వాత పొడి రోజులే ఎక్కువ. రాత్రులు చల్లబడతాయి. నేల తొందరగా చల్లారి, దాని మీది గాలి కూడా చల్లబడి, పైన వెచ్చటి పొర మూతలా కూర్చుంటుంది. కింది పొగ పైకి పోదు. వాహనాల పొగ, రోడ్డు దుమ్ము, చెత్త తగలబెట్టిన పొగ, కోతలైన పొలాల్లో వరిగడ్డి కాల్చిన పొగ, అన్నీ మనిషి ఎత్తులోనే తచ్చాడుతుంటాయి. ఎండెక్కితేగానీ ఆ మూత తొలగదు.

దీపావళి సరిగ్గా ఈ మార్పు దగ్గరే వస్తుంది. ఆ రాత్రి గాలిలో పెరిగే పీఎం 2.5 అనే సన్నటి ధూళి ముక్కు వెంట్రుకలకు చిక్కదు, గొంతు దగ్గర ఆగదు, ఊపిరితిత్తుల చివరి గదుల దాకా వెళ్తుంది. ఇరవై నాలుగు గంటల సగటున ఘనపు మీటరు గాలిలో ఇది 60 మైక్రోగ్రాములు దాటకూడదని మన జాతీయ ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన గీత 15 మాత్రమే. మన ప్రమాణం ప్రకారం బాగున్న రోజు కూడా ఆ లెక్కలో బాగున్నట్టు కాదు. ఢిల్లీలో ఉండే తెలుగువాళ్లకు ఈ అంకెల గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. పంజాబ్, హర్యానాల్లో వరి దుబ్బులు తగలబెట్టే రోజులూ, చలి మొదలయ్యే రోజులూ, దీపావళీ అక్కడ ఒకేసారి వచ్చిపడతాయి.

బయటి గాలిని తిట్టుకుంటూ ఇంట్లో గాలిని మరిచిపోతాం. దసరాకు ముందు ఇల్లు దులపడం మనకు తప్పని తంతు. అటక మీది సామాను దించి, మూలల బూజు దులిపి, ఏడాది దుమ్మంతా ఒక్క పూటలో గాలిలోకి లేపుతాం. ఉబ్బసం ఉన్న మనిషి ఆ పని మీద వేసుకుంటే ఆ రాత్రికే పిల్లికూతలు మొదలవుతాయి. వానాకాలం అంతా మూటగట్టి ఉంచిన రగ్గులు, దుప్పట్లు చలికి తీసి నేరుగా కప్పుకోవడం ఇంకో పొరపాటు. వాటిలో చేరిన కంటికి కనపడని దుమ్ము పురుగులు, బూజు చాలామందికి పడవు. ఉతికి, రెండు రోజులు మంచి ఎండ తగిలేలా ఆరేస్తే సగం బాధ పోతుంది.

ఇక కార్తీకమంటే దీపాలు, అగరుబత్తీలు, సాంబ్రాణి. కిటికీ లేని పూజగదిలో సాంబ్రాణి వేసి, తలుపు దగ్గరగా వేసుకుని, అక్కడే పద్మాసనంలో కూర్చుని దీర్ఘంగా ఊపిరి పీల్చేవాళ్లున్నారు. భక్తికి లోటు లేదు గానీ ఊపిరితిత్తులకు మాత్రం అది పొయ్యి దగ్గర కూర్చోవడమే. ఇంకా పెద్ద దోషి దోమల చుట్ట. డెంగీ రోజులు కాబట్టి రాత్రంతా వెలిగిస్తారు. ఒక్క చుట్ట కాలితే వెలువడే పీఎం 2.5 బరువు 75 నుంచి 137 సిగరెట్ల పొగతో సమానమని 2003లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. ఆ గదిలోనే నిద్రలేచి, ఆ గదిలోనే ప్రాణాయామం చేస్తే దాన్ని ఆరోగ్య సాధన అనడం కష్టం. దోమతెర చవకైన మందు.

చెట్ల సంగతీ ఉంది. వానలకు ఏపుగా పెరిగిన వయ్యారిభామ, కొందరు కాంగ్రెస్ గడ్డి అంటారు, ఖాళీ స్థలాల్లో, రైలు పట్టాల పక్కన విరగబూసి ఉంటుంది. దాని పుప్పొడి తుమ్ములు, ముక్కుదిబ్బడ, దద్దుర్లు, ఉబ్బసం తెచ్చిపెడుతుంది. విశాఖపట్నంలో ఇంకో కథ. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను నగరంలో చెట్లను నేలమట్టం చేశాక, తొందరగా పెరుగుతాయని ఏడాకుల పాల మొక్కలు చాలాచోట్ల నాటారు. ఇప్పుడవి పెద్దవై అక్టోబరు, నవంబరుల్లో పూసి, సాయంత్రమయ్యేసరికి వీధులన్నీ ఘాటెక్కిస్తున్నాయి. తలనొప్పి, ఆయాసం అంటూ ఫిర్యాదులు వచ్చాయి. సంస్కృత కవులు శరత్తును వర్ణించేటప్పుడు ఇవే పూల వాసనను ఏనుగు మదజలంతో పోల్చారు. ఆ పోలికలో ఉన్నది పరిమళమా ఘాటా అన్నది ముక్కును బట్టి ఉంటుంది.

అమెరికాలో ఉన్నవాళ్లకు వయ్యారిభామ స్థానంలో దాని చుట్టమే అయిన రాగ్‌వీడ్ ఉంటుంది. ఆగస్టులో మొదలై తొలి మంచు పడేదాకా దాని పుప్పొడి వదలదు. పైగా బడులు తెరిచాక పిల్లల ద్వారా జలుబు వైరస్‌లు ఇంటింటికీ పాకి, సెప్టెంబరు మూడో వారానికల్లా ఉబ్బసం కేసులు ఎగబాకడం అక్కడ ఏటా కనిపించేదే.

ఊపిరితిత్తులు కడిగే విద్య కాదు

దీర్ఘంగా పీల్చి వదిలితే లోపలి మురికంతా బయటికి పోతుందని ఒక నమ్మకం. నిజానికి ఊపిరితిత్తులను శుభ్రం చేసే ఏర్పాటు వేరే ఉంది. శ్వాసనాళాల గోడల మీద సన్నటి నూగు ఉంటుంది. అది సెకనుకు పది, పదిహేను సార్లు కొట్టుకుంటూ, దుమ్ము అంటుకున్న కఫాన్ని పైకి, గొంతు వైపు నెడుతూ ఉంటుంది. దాన్ని మనం ఉమ్మేస్తాం, లేదా తెలియకుండా మింగేస్తాం. ఇంకా లోపలికి, గాలి గదుల దాకా వెళ్లిన కణాలను తెల్లకణాల జాతికి చెందిన ఒక రకం కణాలు మింగుతాయి. పొగతాగే అలవాటు ఆ నూగును దెబ్బతీస్తుంది. ప్రాణాయామం ఆ నూగు పని తాను చేయదు. గాలి గదుల సంఖ్యను కూడా పెంచదు.

మరి ఏం చేస్తుంది? ఊపిరి తీసే తీరును మారుస్తుంది. ఇది చిన్న విషయంలా వినిపిస్తుంది గానీ లెక్క వేస్తే తెలుస్తుంది. కూర్చుని ఉన్న మనిషి ఒక్కో శ్వాసకు అర లీటరు గాలి తీసుకుంటాడు. అందులో దాదాపు 150 మిల్లీలీటర్లు ముక్కు, గొంతు, నాళాల్లోనే ఉండిపోయి, రక్తాన్ని చేరే చోటికి వెళ్లకుండానే తిరిగొస్తుంది. నిమిషానికి 15 శ్వాసలనుకుంటే మొత్తం ఏడున్నర లీటర్లు కదిలిస్తే పనికొచ్చింది ఐదుంపావు. అదే మనిషి నిమిషానికి 6 శ్వాసలు, ఒక్కోటి లీటరు చొప్పున తీసుకుంటే కదిలేది ఆరు లీటర్లే, పనికొచ్చేది ఐదు లీటర్ల పైచిలుకు. తక్కువ గాలితో దాదాపు అంతే పని. ఛాతీ పై భాగంతో పొట్టి పొట్టిగా పీల్చే అలవాటున్నవాళ్లకు, టెన్షన్‌లో బతికేవాళ్లకు, ఆయాసం వస్తుందేమోనన్న భయంతోనే ఆయాసం తెచ్చుకునేవాళ్లకు ఈ మార్పు బాగా తెలుస్తుంది. పొట్టకూ ఛాతీకీ మధ్య ఉండే డయాఫ్రం అనే కండరం తన పని తాను చేయడం నేర్చుకుంటుంది.

అయితే ఈ లెక్కకు రెండో వైపు కూడా ఉంది. నెమ్మదిగా, లోతుగా పీల్చిన గాలి లోపల ఎక్కువసేపు ఉంటుంది. ఆ గాలిలో సన్నటి ధూళి ఉంటే అది లోపలి గదుల్లో కుదురుకోవడానికి అంత సమయం దొరికినట్టే. మంచి గాలిలో మేలు చేసే గుణమే చెడ్డ గాలిలో కీడు చేస్తుంది. గాలి సంగతి ముందు తేల్చుకోవాలనడం ఇందుకే.

శ్వాస వేగం తగ్గితే గుండె, నరాల మీద కూడా ప్రభావం ఉంటుంది. 2001లో ఇటలీ పరిశోధకులు ఒక ఆసక్తికరమైన విషయం ప్రచురించారు. క్రైస్తవుల జపమాల ప్రార్థన లాటిన్‌లో చదివినా, ఓం మణి పద్మే హుం అని జపించినా శ్వాస దానంతటదే నిమిషానికి దాదాపు ఆరుకు దిగింది. రక్తపోటును సర్దుబాటు చేసే నాడీ స్పందన మెరుగుపడింది. జపించేటప్పుడు ఊపిరి నెమ్మదిగా తీయమని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. పలకాల్సిన వాక్యం పొడవే ఆ పని చేసింది.

ఈ సంగతి తెలిశాక మన శరత్తును చూస్తే కొన్ని అలవాట్లు కొత్తగా కనిపిస్తాయి. నవరాత్రుల్లో లలితా సహస్రనామం చదివే ఇల్లాలు ఒక్కో పాదాన్ని ఒక్క ఊపిరిలో చెబుతుంది. విష్ణు సహస్రనామమూ అంతే. బతుకమ్మ చుట్టూ తిరిగే ఆడవాళ్లు ప్రతి చరణం చివర ఉయ్యాలో అని సాగదీస్తారు. పొట్టిగా పీల్చడం, పొడుగ్గా వదలడం, మధ్యలో చప్పట్లు, అడుగులు. తొమ్మిది రోజుల పాటు సాయంత్రాలు ఆరుబయట, వానలు కడిగిన గాలిలో. పేరు పెట్టి ప్రాణాయామం చేయని కోట్ల మందికి పాటే ఆ సాధన ఇచ్చింది. దీర్ఘకాల ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్ల కోసం బ్రిటన్‌లో ఇప్పుడు పాటల బృందాలు నడుపుతున్నారు. మనకు ఆ అలవాటు పండుగతో పాటే వచ్చింది. కాకపోతే దాన్ని ఇప్పుడు డీజే పెట్టెలకు అప్పగించేస్తున్నాం. డీజే పాటకు మనిషి చప్పట్లు కొడతాడు గానీ ఊపిరి తీయడు.

ఉబ్బసం విషయంలో తేలింది ఎంత

భారతదేశంలో ఈ పరిశోధనకు చరిత్ర ఉంది. స్వామి కువలయానంద 1924లో లోనావ్లాలో కైవల్యధామ స్థాపించి, యోగ సాధనను ప్రయోగశాలలో కొలిచే పని మొదలుపెట్టాడు. 1985లో బెంగళూరుకు చెందిన నాగరత్న, నాగేంద్ర 53 మంది ఉబ్బస రోగులకు యోగాభ్యాసం నేర్పి, వయసు, తీవ్రత వంటివి సరిపోయే మరో 53 మందితో పోల్చారు. సాధన చేసినవాళ్లలో ఉబ్బసం రావడం తగ్గింది, మందుల వాడకం తగ్గింది, గాలి ఊదే వేగం పెరిగింది. అది బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది.

ఇంతకంటే తెలివైన ప్రయోగం 1990లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చింది. శ్వాస సాధనలకు ఒక చిక్కుంది. మందుకు బదులు చక్కెర బిళ్ల ఇచ్చినట్టు ప్రాణాయామానికి బదులు ఏమిస్తారు? చేస్తున్నది ఏమిటో రోగికి తెలిసిపోతుంది కదా. జైపూర్ వైద్యుడు వీరేంద్ర సింగ్, ఇంగ్లండ్‌లోని తన సహచరులతో కలిసి, ఊపిరి పీల్చడానికి ఒక వంతు, వదలడానికి రెండు వంతుల సమయం పట్టేలా చేసే చిన్న పరికరం వాడాడు. చూడటానికి అలాగే ఉండి ఆ పని చేయని నకిలీ పరికరం కూడా ఇచ్చాడు. ఉబ్బసం తేలిగ్గా ఉన్న 18 మంది రోజుకు రెండుసార్లు, పావుగంట చొప్పున రెండేసి వారాలు రెండింటినీ వాడారు. గాలి ఊదే సామర్థ్యంలో పెద్ద తేడా తేలలేదు. కానీ శ్వాసనాళాలు ముడుచుకునేలా చేసే హిస్టమిన్‌ను తట్టుకునే శక్తి అసలు పరికరం వాడినప్పుడు స్పష్టంగా పెరిగింది. నాళాల చిరాకు తగ్గిందన్నమాట. శరత్తులో కావలసింది సరిగ్గా అదే. దుమ్ము, పుప్పొడి, చలిగాలి ఎలాగూ తగులుతాయి. వాటికి నాళాలు ఎంత గట్టిగా ముడుచుకుంటాయన్నదే ప్రశ్న.

2016 నాటికి ఇలాంటి 15 ప్రయోగాలను, 1048 మంది రోగుల ఫలితాలను వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ ఒకచోట చేర్చి చూసింది. యోగ వల్ల లక్షణాలు, రోజువారీ జీవన సౌఖ్యం కొద్దిగా మెరుగుపడే అవకాశం ఉందని తేల్చింది. ఊపిరితిత్తుల సామర్థ్యం పెరుగుతుందని గట్టిగా చెప్పలేదు. పొగ వల్ల వచ్చే దీర్ఘకాల ఊపిరితిత్తుల జబ్బు, అంటే సీఓపీడీ, విషయంలో 2012లో చేసిన సమీక్షలో మూడు నెలల ప్రాణాయామం తర్వాత ఆరు నిమిషాల్లో నడవగలిగే దూరం సుమారు 45 మీటర్లు పెరిగినట్టు కనబడింది. మంచం దగ్గర నుంచి వీధి గుమ్మం దాకా వెళ్లడానికే ఆగి ఆగి నడిచే పెద్దాయనకు 45 మీటర్లు చిన్నవి కావు. కానీ జబ్బు పోయిందని ఇందులో ఏదీ చెప్పడం లేదు. ఒక్క రోజులో తేలిపోయే మందు మీద మనకు మోజెక్కువ, మృగశిర కార్తెకు హైదరాబాద్‌లో చేప ప్రసాదం కోసం కట్టే బారులే దానికి సాక్ష్యం. ప్రాణాయామం అలాంటి మందు కాదు. వారాల తరబడి చేస్తే కొద్దికొద్దిగా పనిచేసేది.

భ్రామరి మీద కూడా ఒక మంచి పరిశీలన ఉంది. 2002లో స్వీడన్ పరిశోధకులు, తుమ్మెదలా నోరు మూసుకుని ధ్వని చేస్తూ ముక్కుతో గాలి వదిలితే మామూలుగా వదిలినప్పటి కంటే 15 రెట్లు ఎక్కువ నైట్రిక్ ఆక్సైడ్ బయటికి వస్తుందని కొలిచారు. ముక్కు చుట్టూ ఎముకల్లో ఉండే సైనస్ గదుల్లో గాలి కదులుతోందనడానికి అది గుర్తు. సైనస్ పట్టేసే కాలంలో ఈ కదలిక పనికొచ్చేదే. దీన్ని పట్టుకుని భ్రామరి వైరస్‌లను చంపేస్తుందని కోవిడ్ రోజుల్లో వాట్సాప్‌లో తిరిగిన మాటలకు మాత్రం ఆ కొలతతో సంబంధం లేదు.

ఏవి వద్దు, ఎప్పుడు వద్దు

టీవీ యోగా వచ్చాక ప్రాణాయామం అంటే, పొట్టను కుదుపుతూ ఊపిరిని వేగంగా బయటికి కొట్టే కపాలభాతి అన్నంతగా అయిపోయింది. పాత గ్రంథాల్లో అది ప్రాణాయామాల జాబితాలోనే లేదు, శరీరాన్ని శుద్ధి చేసే షట్కర్మల్లో ఒకటి. మరో పాత హఠయోగ గ్రంథం హఠయోగ ప్రదీపిక చెప్పే ఎనిమిది కుంభకాల్లో, అంటే ఊపిరి బిగబట్టే ప్రాణాయామాల్లో, కొలిమి తిత్తిలా ఊపిరి కొట్టే భస్త్రిక ఉంది గానీ కపాలభాతి లేదు. పైగా ఈ షట్కర్మలు కొవ్వు, కఫం ఎక్కువగా ఉన్నవాళ్లకే అవసరమని, మిగతావాళ్లకు అక్కర్లేదని ఆ గ్రంథమే అంటుంది. వేగంగా ఊపిరి కొట్టినప్పుడు రక్తంలో బొగ్గుపులుసు వాయువు పడిపోతుంది. తల తిరగడం, వేళ్ల చివర తిమ్మిరి దానివల్లే. చాలామంది దాన్ని శక్తి మేల్కొంటున్న సూచన అనుకుంటారు. ఉబ్బసం ఉన్నవాళ్లకు చల్లని, పొడి గాలి అంత వేగంగా లోపలికీ బయటికీ తిరగడమే ఆయాసానికి కారణం కావచ్చు. అదుపులో లేని రక్తపోటు, గుండె జబ్బు, హెర్నియా ఉన్నవాళ్లు, గర్భిణులు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు కపాలభాతి, భస్త్రికల జోలికి పోకూడదు. అతిగా కపాలభాతి చేసిన ఒక యువతికి ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిన సంఘటన 2004లో ఒక వైద్య పత్రికలో నమోదైంది. అరుదైనదే, కానీ జరగనిది కాదు.

సింహాన్ని, ఏనుగును, పులిని మెల్లమెల్లగా మచ్చిక చేసుకున్నట్టే ప్రాణాన్నీ లొంగదీసుకోవాలని, లేకపోతే అది సాధకుణ్ణే చంపుతుందని హఠయోగ ప్రదీపిక రెండో అధ్యాయంలో ఉంది. ఆ వెంటనే, తప్పుగా చేస్తే వచ్చే రోగాలను వరసగా చెబుతుంది: ఎక్కిళ్లు, ఆయాసం, దగ్గు, తల, చెవి, కంటి నొప్పులు. ప్రాణాయామం సర్వరోగాలనూ పోగొడుతుందని చెప్పడానికి ఎత్తుకొచ్చే శ్లోకంలో రెండో సగమే తప్పుగా చేస్తే సర్వరోగాలూ పుడతాయన్న హెచ్చరిక. మొదటి సగం పోస్టర్ల మీద కనిపిస్తుంది, రెండో సగం కనిపించదు.

నోటితో గాలి పీల్చే శీతలి, సీత్కారిల సంగతి ఇంకా చిక్కుగా ఉంటుంది. ఆయుర్వేదం ప్రకారం శరత్తు పిత్తం ప్రకోపించే కాలం, కాబట్టి చలవ చేసే శీతలి ఈ ఋతువుకు తగినదని చాలామంది బోధకులు చెబుతారు. అక్టోబరు మధ్యాహ్నపు ఎండ చూస్తే ఆ మాట సబబే. కానీ శీతలిలో గాలి పీల్చేది నాలుకను గొట్టంలా చుట్టి, నోటితో. ముక్కు చేసే మూడు పనులు, వడకట్టడం, వెచ్చబరచడం, తడి చేయడం, ఇందులో తప్పిపోతాయి. కార్తీక మాసపు తెల్లవారుజామున, మంచు కలిసిన పొగలో, పిల్లికూతలున్న మనిషి శీతలి చేస్తే ఉబ్బసాన్ని ఎదురెళ్లి పిలిచినట్టే. ఎండ వేళ, మంచి గాలిలో, శ్వాస ఇబ్బందులు లేనివాళ్లు చేసుకోవచ్చు. కార్తీక స్నానాలకు నది ఒడ్డుకు వెళ్లే ఉబ్బస రోగులకు కూడా ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. ఉన్నట్టుండి చల్లటి నీళ్లు, చల్లటి గాలి నాళాలను బిగించేస్తాయి.

జలనేతి చేసేవాళ్లకు ఒక్క మాట. ఉప్పునీటితో ముక్కు కడగడం పుప్పొడి, దుమ్ము పడనివాళ్లకు ఉపశమనం ఇస్తుంది. నీళ్లు మాత్రం కాచి చల్లార్చినవే కావాలి. అమెరికాలోని లూసియానాలో 2011లో కుళాయి నీళ్లతో నేతి చేసిన ఇద్దరు, మెదడును తినే అమీబా సోకి చనిపోయారు.

వేళ విషయంలో బ్రాహ్మీముహూర్తం మీద పట్టుదల ఎక్కువ. నగరంలో నవంబరు తెల్లవారుజాము అంటే ముందు చెప్పుకున్న మూత కింద పొగ పేరుకుని ఉన్న వేళ. పార్కులో గుంపుగా కూర్చుని భస్త్రిక చేయడానికి రోజు మొత్తంలో అంత పనికిరాని సమయం మరొకటి లేదు. శాస్త్రం అడ్డొస్తుందనుకోనక్కర్లేదు. హఠయోగ ప్రదీపిక ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, అర్ధరాత్రి అని నాలుగు వేళలు చెప్పింది. నగరాల్లో ఎండ బాగా కాసి గాలి పైకి లేచే మధ్యాహ్నం తర్వాత, నాలుగు గంటల ప్రాంతం మేలు. ఆ వేళకు భోజనం అరిగి, కడుపు తేలిగ్గా కూడా ఉంటుంది. పల్లెలో, పొలం గట్ల మీద పొగ లేని చోట ఉదయమే చేసుకోవచ్చు. దసరా రోజుల్లో అయితే ఎక్కడైనా పర్వాలేదు. అందుకే ఈ విద్య నేర్చుకోవాలనుకునేవాళ్లు దీపావళి దాకా ఆగకుండా నవరాత్రుల్లోనే మొదలుపెడితే, గాలి చెడే వేళకు ఊపిరి ఒక అలవాటుకు వచ్చి ఉంటుంది. శరత్తులో ఆరంభించమన్న పాత నియమాన్ని ఇప్పుడు ఇలా చదువుకోవచ్చు.

చేయాల్సింది పెద్దగా లేదు. వెన్ను నిటారుగా, కుర్చీలోనైనా సరే కూర్చుని, ముక్కుతో నాలుగు లెక్కపెట్టేంతసేపు పీల్చి, ఆరు లెక్కపెట్టేంతసేపు వదలాలి. పీల్చేటప్పుడు ముందుగా పొట్ట కదలాలి, భుజాలు లేవకూడదు. అదే లెక్కతో నాడీశోధన, అంటే ఒక ముక్కు నుంచి పీల్చి మరో ముక్కు నుంచి వదలడం. జలుబు చేసి ఒక ముక్కు మూసుకుపోతే ఆ రోజు దాన్ని వదిలేసి భ్రామరి చేసుకోవచ్చు. పది పదిహేను నిమిషాలు చాలు. ఊపిరి బిగబట్టే కుంభకం కొత్తవాళ్లకు, సీఓపీడీ, గుండె జబ్బు ఉన్నవాళ్లకు అక్కర్లేదు. సీఓపీడీ ఉన్నవాళ్లకు గాలి పీల్చడం కంటే వదలడమే కష్టం. వాళ్లు పెదవులు ఈల వేసేటప్పటిలా దగ్గరచేసి నెమ్మదిగా వదిలితే, నాళాలు ముందే మూసుకుపోకుండా లోపల చిక్కుకున్న గాలి బయటికి వస్తుంది.

ఇన్‌హేలర్ పక్కన పెట్టకుండా

ప్రాణాయామం మొదలుపెట్టిన నెలకు మందులు మానేసేవాళ్లు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు. ఇన్‌హేలర్ అలవాటైపోతుందని, పిల్లకు వాడితే పెళ్లి సంబంధాలు రావని భయం. ప్రపంచంలోని ఉబ్బస రోగుల్లో 13 శాతం దాకా భారత్‌లోనే ఉంటే, ఉబ్బసం మరణాల్లో 40 శాతానికి పైగా ఇక్కడే జరుగుతున్నాయన్న అంచనా వెనక ఈ భయం వాటా తక్కువేమీ కాదు. ఉబ్బసం అంటే నాళాల్లో వాపు. ఆ వాపును తగ్గించేది పీల్చే స్టెరాయిడ్. అది మాత్రల కంటే ఎన్నో రెట్లు తక్కువ మోతాదులో, నేరుగా కావలసిన చోటికే వెళ్తుంది. ఆయాసం వచ్చినప్పుడు మాత్రమే నాళాలు తెరిచే మందు పీల్చి, వాపును అలాగే వదిలేయడం ప్రమాదమని ఉబ్బసంపై పనిచేసే అంతర్జాతీయ వేదిక జీనా 2019లో తన సూచనలే మార్చింది. శ్వాస సాధన నాళాల చిరాకును తగ్గించవచ్చు, భయాన్ని తగ్గించవచ్చు. వాపును తగ్గించే మందుకు బదులుగా దాన్ని వాడమని పైన చెప్పిన ఏ ప్రయోగమూ చెప్పలేదు. 1985 నాటి రోగుల్లో మందుల వాడకం తగ్గిందన్నది నిజమే. అది సాధన ఫలితంగా తగ్గింది గానీ, సాధన మొదలుపెట్టడానికి షరతుగా కాదు.

సాధన పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి ఒక తేలికైన దారి ఉంది. మందుల షాపుల్లో పీక్ ఫ్లో మీటర్ అనే ప్లాస్టిక్ గొట్టం కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. గట్టిగా ఒక్క ఊపు ఊదితే అంకె చూపిస్తుంది. ఒంట్లో బాగున్న రోజుల్లో మూడేసి సార్లు ఊది, వచ్చిన అత్యధిక అంకెను రాసి పెట్టుకోవాలి. దసరా నుంచి సంక్రాంతి దాకా రోజూ పొద్దున, సాయంత్రం ఊది నోట్‌బుక్‌లో రాసుకుంటే దీపావళి మర్నాడు ఏమైందో, దోమల చుట్ట మానేశాక ఏమైందో, నెల రోజుల నాడీశోధన తర్వాత ఏమైందో ఆ పేజీలే చెబుతాయి. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఆ నోట్‌బుక్ చూపిస్తే మందు పెంచాలో తగ్గించాలో ఆయనకు తెలుస్తుంది. అంకె మన అత్యధికంలో 80 శాతం కంటే కిందికి జారితే జాగ్రత్త పడాల్సిన రోజు, డాక్టరు రాసిచ్చిన ప్రకారం మందు సర్దుకోవాలి. 50 శాతం కంటే తగ్గినా, వాక్యం పూర్తి చేయలేనంత ఆయాసం ఉన్నా, పెదవులు నీలంగా మారుతున్నా, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుపోతున్నా, నాళాలు తెరిచే మందు పీలుస్తూ వెంటనే ఆస్పత్రికి బయల్దేరాలి.